కనకాంబరమ్మ కిరీటం

ఒక పెద్ద అడవిలో చిన్న మడుగు. ఎప్పుడో పట్నంవాళ్లెవరో ఇల్లు మారుతూ, గాజుతొట్టిలోని బంగారు చేపల్ని తెచ్చి అందులో వదిలేసి పోయారు. ఇప్పుడున్న చేపలన్నీ వాటి మనవలూ మునిమనవలే. మడుగులోనే పుట్టాయి, మడుగులోనే పెరిగాయి.

హాయిగానే ఉండేవి. కనకాంబరమ్మకు బెంగ పట్టుకునేదాకా.

కనకాంబరమ్మ ఒరాండా చేప. నెత్తిన పండులా ఎర్రటి కండ. దాన్ని ఆవిడ కిరీటం అనేది. కిరీటం ఉంది కాబట్టి అందరూ ఆవిణ్ణి అధ్యక్షురాలు అన్నారు.

"ఎవరు ఏ రకమో తేలాలి. తేలినవాళ్లకే మడుగు. తేలనివాళ్లు గట్టవతల గుంటలోకి" అందావిడ.

తోకకప్పలుండే ఆ గుంట వేసవిలో ఎండిపోతుంది. అది తెలియనివాళ్లు లేరు. పైకి అన్నవాళ్లూ లేరు. మంకెన అనే తల్లిచేప మాత్రం కూతుర్ని మెల్లగా రెక్క కిందికి లాక్కుంది.

రకాల నిర్ధారణ సంఘం వెలిసింది. కళ్లు పెద్దవి కాబట్టి కప్ప పరిశీలకుడు. ఎప్పుడూ అక్కడే కూర్చుని ఉంటాడు కాబట్టి తాబేలు కార్యదర్శి. గుంటకు మోసుకెళ్లే పని నీటికుక్కది.

"కళ్లు ఉబ్బి బయటికొచ్చాయా? టెలిస్కోప్. వీపు మీద రెక్క లేదా? రాంచు. కళ్ల కింద నీటి సంచులా? బబుల్ ఐ. జరగండి, జరగండి!" కప్ప దర్జాగా తేల్చేస్తున్నాడు.

అంతలో కాటుకయ్య కొంప ముంచాడు. నల్ల టెలిస్కోప్ అని తేలినవాడు, వేడి తగిలేసరికి పసుపు రంగు తిరిగాడు.

"నేనేం చెయ్యనండీ, దానంతటదే మారింది" అన్నాడు పాపం.

"మోసం!" కనకాంబరమ్మ మండిపడింది. "ఇకమీదట పుట్టినప్పుడు ఎలా ఉంటే అదే రకం. తర్వాత ఎన్ని వేషాలు మార్చినా చెల్లదు!"

అందరూ తోకలు ఆడించి ఆమోదించారు. మంకెన ఆడించలేదు. ఆమె ఫ్యాన్‌టెయిల్, విసనకర్రలాంటి తోక. కూతురు గోరింట మాత్రం ఇంకా బురద రంగులోనే ఉంది.

వాళ్ల వంతు వచ్చింది. కప్ప గోరింటను అటు చూశాడు, ఇటు చూశాడు. మొహం విప్పారింది.

"ఓసి పిచ్చిదానా, నువ్వు మా పిల్లవే! తోకకప్పవి!"

"నా పిల్లండీ" అంది మంకెన.

"ప్రేమకొద్దీ అంటావులే అమ్మా."

"కొన్నాళ్లు ఆగండి. రంగొస్తుంది."

"వచ్చినా చెల్లదు" అంది కనకాంబరమ్మ. "చట్టం ఎవరి బిడ్డకైనా ఒకటే."

గోరింటను మోసుకెళ్లడానికి నీటికుక్క నోరు తెరిచింది. మంకెన కూతురికి అడ్డం వచ్చింది.

"ఎవరికైనా ఒకటేనా వదినా?"

"ఎవరికైనా!"

"మరి నువ్వు పుట్టినప్పుడు ఏ రంగు?"

"నేనా? నేను పుట్టడమే కిరీటంతో పుట్టాను."

తాబేలు ఒక కన్ను తెరిచాడు. "లేదమ్మాయ్. ఆ నాచులో పుట్టావు. బోడి నెత్తి, బురద రంగు. పురుగనుకుని నోట్లో వేసుకోబోయాను కూడా. నువ్వనే ఏముంది, అందరూ అంతే. బంగారు రంగుతో పుట్టినవాణ్ణి ఈ మడుగులో నేనెన్నడూ చూళ్లేదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అంది మంకెన.

"ఎవరడిగారు?"

కప్ప లెక్క చూసుకున్నాడు. ఆనందంతో ఎగిరి గంతేశాడు. "అయితే మీరంతా తోకకప్పలే! ఇంతమంది చుట్టాలని తెలియక పరాయివాళ్లలా చూశానే!"

"చట్టం రద్దు!" అరిచింది కనకాంబరమ్మ.

"అధ్యక్షపదవి బంగారు చేపలకేనండీ" అన్నాడు కప్ప వినయంగా. "తమరిప్పుడు తోకకప్ప."

నీటికుక్క మడుగంతా కలయజూసి నిట్టూర్చింది. "ఇంతమందిని మొయ్యాలా? నా నడుం విరుగుతుంది. దానికంటే గుంటనే ఇటు కలిపేస్తే పోలా?" అని గట్టు తవ్వేసింది. చట్టప్రకారం అందరూ గుంటలో ఉన్నట్టే అయింది. గుంటలోని అసలు తోకకప్పలన్నీ బిలబిలా వచ్చిపడ్డాయి.

ఇప్పుడవి కనకాంబరమ్మ కిరీటమెక్కి జారుడుబల్ల ఆడుకుంటున్నాయి. "పెద్దమ్మా, ఇంకోసారి!" అంటూ. వాటితో గోరింట కూడా ఉంది. మంకెన పిలవలేదు, ఆడుకోనిచ్చింది.

నీతి: ఎదుటివాళ్ల పుట్టుపూర్వోత్తరాలు తవ్వబోయేముందు, చుట్టుపక్కల తాబేళ్లెవరూ లేకుండా చూసుకోవాలి.