ఐదో గ్రేడు ట్రక్కుకు పోసిన గిన్నెడు కల్లు

దేశంలో గాలిని కాపాడే మహాపోరాటం మా వరండాలోని ముల్లంగి కిమ్చి పచ్చడి డబ్బా దగ్గర మొదలవుతుందని అధికారులు ఎవరైనా ముందుగా ప్రకటించి ఉంటే, ఆ డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసుకునేదాన్ని. ఎవరూ ప్రకటించలేదు. అందువల్ల ఆ మంగళవారం ఉదయం నేను చూసేసరికి మావారు అందులో ఏదో ఘాటైన ద్రావకం పోసి, ట్రక్కు ఇంజన్‌లోంచి ఊడదీసిన, డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లను నానబెట్టి, పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు.

"ఏవండీ, అది కిమ్చి డబ్బా."

"ఖాళీగానే ఉంది కదా."

"మీ టోపీ కూడా చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. నేను అందులో రొయ్యలు ఊరబెట్టానా?"

"కడిగి పెడతాలే, హేవన్ అమ్మా," అన్నారు, ఎప్పటిలా మా అమ్మాయి పేరుతో నన్ను పిలుస్తూ.

"మీరు కడిగిన గిన్నె నేను మళ్లీ కడగడానికే గదా నన్ను చేసుకుంది."

చివరికి ఒప్పందం కుదిరింది. డబ్బా ఆయనది, మూత నాది. (డబ్బా లేని మూతతో ఏం చేసుకోవాలో ఒప్పందంలో లేదు.)

మావారు ప్యో గిల్సు ఆ ట్రక్కులోనే వెల్లుల్లి, ఉల్లి వేసుకుని అపార్ట్‌మెంట్ల గేట్ల ముందు మైకులో అరుస్తూ అమ్ముతారు. ట్రక్కు వయసు పంతొమ్మిదేళ్లు. ఈ మధ్య ఎత్తు ఎక్కేటప్పుడు వెనకాల నల్లటి పొగ వదులుతోంది. నగరపాలక సంస్థ కొత్తగా తెరిచిన వృద్ధ డీజిల్ వాహనాల శ్వాస సంక్షేమ కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. మీ వాహనం ఐదో గ్రేడు, అనగా అట్టడుగు గ్రేడు, అని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము, ఈ నెలాఖరులోగా ఊపిరి పరీక్షలో నెగ్గని యెడల దానికి సగౌరవంగా తుక్కు యోగం కల్పించబడును, అని.

గ్రేడు అనే మాట విని మా అత్తయ్య మొహం మాడ్చుకున్నారు. ఆవిడకు ఎనభై ఒకటి. రెండేళ్ల కిందట, ప్రభుత్వం ఇంటికి సాయం మనిషిని పంపాలంటే కావలసిన వృద్ధుల సంరక్షణ గ్రేడు కోసం దరఖాస్తు పెట్టాం. పరీక్షించడానికి వచ్చిన అమ్మాయి ముందు మంచం మీద పడుకుని ఉండడం మర్యాద కాదని ఆవిడ లేచి, టీ పెట్టి, పళ్లు కోసి, వెళ్లేటప్పుడు బస్టాపు దాకా సాగనంపి వచ్చారు. గ్రేడు రాలేదు. ట్రక్కుకు మాత్రం అడక్కుండానే ఇంటికి వచ్చింది.

ట్రక్కు తుక్కులోకి పోతే వెల్లుల్లి వ్యాపారం పోతుంది. యాభై తొమ్మిదేళ్ల మనిషికి కొత్తగా పని ఎవరిస్తారు? మావారు ఇంట్లో కూర్చుంటారు. మా వీధిలో అలా ఇంట్లో కూర్చున్న మగవాళ్లను చూశాను. పొద్దున తిని, మధ్యాహ్నం ఏం వండుతున్నావని అడిగి, అది తిని, రాత్రికి ఏమిటని అడుగుతారు. మధ్యలో ఫ్రిజ్ సర్ది పెడతారు. అందుకని ఆ ఇంజెక్టర్ల ఆరోగ్యం విషయంలో మావారికన్నా నాకే ఆదుర్దా ఎక్కువ.

ఒక రాత్రంతా నానినవాటిని, వాటితోపాటు తాడు కట్టి లాగించుకుని ట్రక్కును, మెకానిక్ బోంగ్ తెసిక్ దగ్గరకు తీసుకెళ్లాం. అతను ఒక్కొక్కదాన్ని పరీక్ష యంత్రానికి బిగించాడు. మూడు చక్కగా మంచులా చిమ్మాయి. నాలుగోది పాత కుళాయిలా బొట్లుబొట్లుగా కారింది. దాన్ని విప్పి, మొన లోపల ఉన్న తెల్లటి ముద్దను సూదితో తీసి, వేలికి రాసుకుని వాసన చూశాడు.

"అన్నా, నువ్వు దీనికి ఏం పోస్తున్నావు?"

"డీజిల్."

"డీజిల్లో అన్నం ఎందుకుంటుంది?"

మావారు నా వైపు చూశారు. నేను ట్రక్కులో కూర్చున్న అత్తయ్య వైపు చూశాను. ఆవిడ అద్దం దించారు.

"ఏమ్మా, నేనే పోశాను. కొత్త ఏడాది మొదటి పున్నమి రోజు."

మాకు బండ్లకు పూజ చేసే ఆనవాయితీ ఉంది. ఎండు చేపకు తెల్ల దారం చుట్టి బండి ముందు పెట్టి, బియ్యపు కల్లు నాలుగు చక్రాల మీదా పోస్తారు. ఏడాదంతా ప్రమాదం జరగదని. అందరూ చక్రాల మీద పోసి ఊరుకుంటారు. అత్తయ్య ఆలోచించే మనిషి.

"చక్రాలకు నోరుందా? పోసిందంతా నేల పాలు. నోరు ఎక్కడుందో వెతికి, మూత తిప్పి అక్కడ పోశాను. ఒక్క గిన్నె. అది కూడా మంచి కల్లు."

"ఫిల్టరు చాలావరకు ఆపింది," అన్నాడు బోంగ్, కొంచెం గౌరవంగా. "మిగిలిన మూడూ బతికాయి. దీన్ని మాత్రం మార్చాలి. పాత రాగి వాషర్లు పనికిరావు, అవి కొత్తవి వేస్తాను. కొత్తదాని మీద ఉన్న నంబరు ఇంజన్ కంప్యూటరుకు చెప్పాలి అన్నా, లేకపోతే ఇది ఎవరో పరాయిది అనుకుంటుంది."

"మనుషులకే కాదు, వీటికీ రిజిస్ట్రేషనా?" అన్నారు మావారు.

మర్నాటికి ట్రక్కు పొగ లేకుండా ఎత్తు ఎక్కింది. నేను వెనక నడుస్తూ గాలి పీల్చి చూశాను. నాకు ఆశ కలిగింది. అది పొరపాటు.

కేంద్రంలో సహాయ అధికారి తక్ యోన్హీ. చెరగని చిరునవ్వు, చెరిగిపోని సిరా. ఇంజెక్టరు మార్చిన కారణం అనే గడిలో మూడు జవాబులు అచ్చయి ఉన్నాయి: నీరు, ఇసుక, కల్తీ. నాలుగోది 'ఇతరము'. నేను చదువుకున్నదాన్ని, అబద్ధం రాయడం చేతకాదు. 'ఇతరము' దగ్గర టిక్కు పెట్టి, బియ్యపు కల్లు, ఒక గిన్నె, అని రాశాను.

ఆవిడ చదివింది. నవ్వు అలాగే ఉంది.

"అంటే వాహనం మద్యం సేవించింది."

"వాహనం సేవించలేదమ్మా, పోశారు."

"సేవించిన తర్వాత నడిచిందా?"

"నాలుగు నెలలు నడిచింది."

ఆవిడ లోపలికి వెళ్లి నియమావళి తెచ్చింది. ముప్పై ఎనిమిదో నియమం, మూడో ఉపనియమం ప్రకారం, మద్యం సేవించి రోడ్డు మీదకు వచ్చిన ఎవరినైనా ఊదించాలి. ఎవరినైనా అంటే మనిషినే అని అందులో ఎక్కడా లేదు. (నేనూ రెండుసార్లు చదివాను. నిజంగానే లేదు.) ఒక ఉద్యోగి ఊదుడు యంత్రం తెచ్చి, శుభ్రమైన కొత్త గొట్టం తొడిగి, దాన్ని మర్యాదగా పొగగొట్టానికి ఆనించాడు.

"ఐదు సెకన్లు ఆపకుండా ఊదమనండి," అన్నాడు మావారితో.

ట్రక్కు ఆపకుండా ఐదు నిమిషాలు ఊదింది. మద్యం సున్నా. ఫలితం నమోదు చేయడానికి పౌర గుర్తింపు సంఖ్య కావాలన్నారు. ట్రక్కుకు లేదు కాబట్టి మావారిది వేశారు. వారం తర్వాత ఆరోగ్య విభాగం నుంచి, మీ వయసువారిలో ఇంతటి ఊపిరితిత్తులు అరుదు, అంటూ ఆయనకు అభినందన పత్రం వచ్చింది. ఆయన దాన్ని ఫ్రిజ్‌కు అంటించుకున్నారు.

ఇక మిగిలింది తాగించినవారి సంగతి. తాగించినవారు ఆరు గంటల బాధ్యతా శిక్షణకు హాజరు కావాలి. అత్తయ్య పెట్టెలోంచి మంచి జాకెట్టు తీసి వేసుకుని వెళ్లారు. మధ్యాహ్నం అక్కడే భోజనం పెట్టారట, సూపు కొంచెం పలచనట. పాఠం చెప్పినాయన మద్యం మత్తు ఎన్ని గంటలుంటుందని అడిగితే, మనిషికా ట్రక్కుకా అని ఆవిడ ఎదురు ప్రశ్న వేశారట. మొత్తం తరగతిలో మొదటి మార్కు ఆవిడదే. పెద్దవాళ్లలో ఇంత చురుకైనవాళ్లు దొరకడం కష్టమని తక్ యోన్హీ స్వయంగా ఆవిడ ఫోన్ నంబరు రాసుకుంది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు, కేంద్రంలో చేసిన పొగ పరీక్ష ధ్రువపత్రం వచ్చింది. మీ వాహనం పొగ కొత్త వాహనం పొగకన్నా స్వచ్ఛంగా ఉన్నది, అభినందనలు, అని మొదటి పేరా. గ్రేడు: ఐదు, అని రెండో పేరా.

నేను ఫోన్ చేశాను.

"పొగ బాగుందని మీరే రాశారు కదమ్మా. గ్రేడు మారలేదేం?"

"గ్రేడు పొగను బట్టి ఇవ్వమండీ. పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఇస్తాం."

"మరి పరీక్ష దేనికి?"

"పొగ ఎలా ఉందో తెలుసుకోవడానికి."

తుక్కు ప్రమాదం తప్పింది. అయితే ఐదో గ్రేడు వాహనాలు దుమ్ము కాలంలో ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా రోడ్డెక్కరాదు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా నిరభ్యంతరంగా తిరగవచ్చు. ఆ వేళల్లో మైకు వాడరాదని మరో విభాగం నియమం. కాబట్టి మావారు చట్టం అనుమతించిన మేరకు, జనం నిద్రపోయాక, నిశ్శబ్దంగా, ఎన్ని వెల్లుల్లిపాయలైనా అమ్ముకోవచ్చు. దుమ్ము కాలం ఎప్పుడు ముగుస్తుందో దుమ్మును బట్టి ప్రకటిస్తారు.

"లెక్కచేయకుండా పగలే తీసుకెళ్తాను," అన్నారు మావారు ఆ ఆదివారం భోజనాల దగ్గర, సోయా పులుసులో చెంచా ముంచుతూ. "ఎవరు పట్టుకుంటారు? ఇంత ఊళ్లో ప్రతి ట్రక్కునూ చూసే మనిషి వాళ్ల దగ్గర లేడు."

"ఉన్నారు," అన్నారు అత్తయ్య.

ఇద్దరం తలెత్తాం.

"పెద్దవాళ్ల ఉద్యోగాల పథకంలో నన్ను తీసుకున్నారు. రేపటి నుంచి చేరుతున్నాను. పసుప్పచ్చ కోటు కూడా ఇచ్చారు. ఐదో గ్రేడు బండ్లు ఎక్కడున్నా వెతికి నోటీసు అంటించడమే పని. నడక మంచిది కదా అని ఒప్పుకున్నాను."

"మన ట్రక్కు సంగతి అమ్మా?"

"మనదానికి ఇందాకే అంటించాను. చేయి అలవాటు కావాలని."

మావారు చెంచా కింద పెట్టారు.

"దీని మీద అప్పీలు ఎవరికి చేసుకోవాలి?"

అత్తయ్య చేపముక్కలో ముల్లు తీసి, ఆ ముక్క కొడుకు గిన్నెలో వేశారు.

"నాకే చేసుకోవాలి. భోజనం వేళ మాత్రం తీసుకోను."