తొమ్మిదో నంబరు వ్యాను

ఆ రోజుకు సుగుణమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే జొన్నపిండి జల్లించి పెట్టాలి, స్నానం చేసి దేవుడికి దీపం వెలిగించాలి, పది గంటలకు డ్రైవింగ్ పరీక్షకు పోవాలి, పాసై అన్నం వేళకు ఇంటికి రావాలి. వీటిలో మొదటి రెండు పనులు సవ్యంగానే జరిగాయి.

లైసెన్సు ఆమెకు సరదా కోసం కాదు. ఆమె, పక్కింటి కులసుం, వాడకట్టులోని మరి కొందరు ఆడవాళ్ళు కలిసి జొన్నరొట్టెలు చేసి జహీరాబాద్‌లో అమ్ముతున్నారు. సోమవారం నుంచి ఊరి బయట కోహీర్ దారిలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు రోజూ రొట్టెలు ఇస్తామని ఒప్పుకున్నారు. మోసుకుపోవడానికి సుగుణమ్మ ఇంట్లో పాత వ్యాను ఉంది. నడిపే మనిషే లేడు. భర్త ఇంద్రసేనను అడిగితే, "ముప్పై ఏండ్ల సంది స్టీరింగ్ పట్టినోన్ని, ఇప్పుడు నన్ను రొట్టెలు మోయమంటవా?" అన్నాడు.

దాంతో ఆమే నేర్చుకుంది. నేర్చుకున్నాక రెండుసార్లు పరీక్ష తప్పింది. మొదటిసారి మేక అడ్డం వస్తే బండి దిగి, దాన్ని రోడ్డు దాటించి, మళ్ళీ ఎక్కింది. రెండోసారి మేక రాలేదు గాని, వస్తుందేమోనని అటూ ఇటూ చూస్తూ ఇన్‌స్పెక్టర్ గారి కుర్చీని ముట్టుకుంది. కుర్చీలో ఆయన లేకపోవడం ఇద్దరి అదృష్టం.

"ఇయ్యాల పాసైతే బండి నీది. మల్ల తప్పితే మాత్రం పొద్దుమూకి న్యాల్‌కల్ చంద్రప్ప వచ్చి కొనుక్కపోతడు. మాట ఇచ్చిన," అన్నాడు ఇంద్రసేన చాయ్ తాగుతూ.

"నన్నడగకుండనే మాటిచ్చిన్రా?"

"నువ్వు పాసైతవన్న నమ్మకం ఉంటే నీకు భయమెందుకు? నాకు కోహీర్ల పత్తి చేను కాడ పనుంది, పోతున్న." అద్దంలో రెండుసార్లు తల దువ్వుకుని, ఇస్త్రీ అంగీ వేసుకుని వెళ్ళిపోయాడు. పత్తి చేను చూడటానికి ఇస్త్రీ అంగీ ఎందుకో అడగాలనుకుంది గాని, అప్పటికే ఫోన్ మోగింది.

ఫోన్‌లో జహూర్ ఉస్తాద్. డ్రైవింగ్ నేర్పే మనిషి. "బెహన్, రాత్రి వానకు టెస్టు జాగంత బురదైంది. చిరాగ్‌పల్లి దిక్కు ఇంకా చాలూ చెయ్యని కొత్త రోడ్డు లేదా, అక్కడికి మార్చిన్రు. సామియానా కనబడ్తది, బండ్లు లైన్ల ఉంటయి. పోయి ఆఖర్ల నిలబడు. నేను వేరేటోళ్ళను తీస్కొని వస్త."

"ఏ సామియానా ఉస్తాద్?"

"సామియానా అంటే సామియానానే బెహన్! చేన్ల నడుమ ఎన్నుంటయి? ఇంకోటి. ఈసారి కెమెరాలు గిట్ల పెడ్తరట. సార్లు కావాల్నని బెదిరిస్తరు, పరేషాన్ చేస్తరు. నువ్వు అదరకు. ఎవ్వర్నీ ఏం అడగకు. ముంగల మనిషి ఉంటే తప్ప బ్రేక్ తొక్కకు. టోపీ పెట్టుకున్న సార్ ఆపమన్నదాక పోతనే ఉండు. సమజైందా?"

"సమజైంది."

ఆ రోజు ఆ కొత్త రోడ్డు మీద సామియానాలు రెండున్నాయి. చివర ఉన్నది రవాణా ఆఫీసు వాళ్ళది. ముందు వచ్చేది సినిమా వాళ్ళది.

సినిమా కథ రాబోయే కాలానిది. జైళ్ళు నిండిపోతాయి. సర్కారు ఖైదీల ముఖాలకు ఇనుప ముసుగులు తొడిగి, ముళ్ళు బిగించిన కార్లు ఇచ్చి పందెం పెడుతుంది. దేశమంతా టీవీల ముందు కూర్చుని చూస్తుంది. మొదట వచ్చినవాడికి విడుదల, మిగిలినవాళ్ళకు చావు. ఈ షూటింగ్ సంగతి ఊళ్ళో చాలామందికి తెలుసు. జొన్నపిండిలో చేతులు పెట్టుకున్న వాళ్ళకు తెలియదు.

సుగుణమ్మ పక్క సీట్లో కులసుం కూర్చుంది. నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సు ఉన్నవాళ్ళు ఒకరు ఉండాలి కదా. కులసుంకు లైసెన్సు ఉంది, ధైర్యం లేదు. లైసెన్సు వచ్చిన రోజు నుంచి ఆమె స్టీరింగ్ ముట్టుకోలేదు.

"వదినా, అగో సామియానా!" అంది కులసుం. "యా అల్లా, బండ్లు చూడు, ఎట్లున్నయో! ముండ్లేంది, గొలుసులేంది?"

"నేర్చుకునేటోళ్ళ బండ్లు అట్లనే ఉంటయి. గుద్దుకుంటరని ముందుగాల్నే కట్టుకున్నట్టున్నరు."

"మూతులకు ఇనుప ముసుగులు కూడ ఉన్నయి."

"హెల్మెట్ రూల్ కార్లకు కూడ పెట్టిన్రేమో. మనకు చెప్పనే లేదు సూడు ఉస్తాద్," అని సుగుణమ్మ వ్యానును తీసుకుపోయి ఎనిమిది కార్ల వెనక బుద్ధిగా నిలిపింది.

చేతిలో వాకీటాకీ పట్టుకున్న ఒక అమ్మాయి పరుగున వచ్చింది. పేరు నవత. దర్శకుడి దగ్గర అసిస్టెంటు. ఆమెకు ఎనిమిది కార్లని చెప్పారు. తొమ్మిదోది చూసి ఒక క్షణం ఆగింది. వ్యాను తలుపు తుప్పు పట్టి ఉంది, బంపరు తాడుతో కట్టి ఉంది, ముందు అద్దం మీద ఎర్రరంగుతో పెద్ద ఎల్ అక్షరం రాసి ఉంది. పాడైపోయిన రాబోయే కాలం అచ్చం అలాగే ఉంటుందనిపించింది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు పంపి ఉంటారనుకుంది.

"చాలా బాగా చేశారు," అంది మనస్ఫూర్తిగా.

"ఇంకా ఏం చేయలే బిడ్డా, ఇప్పుడే వచ్చినం," అంది సుగుణమ్మ.

నవత నవ్వి, తలుపు మీద తొమ్మిదో నంబరు కాగితం అతికించి వెళ్ళిపోయింది. రోడ్డుకు అడ్డంగా కట్టిన పెద్ద బ్యానరును కులసుం బయటికి చదివింది. "గెలిస్తే విడుదల, ఓడితే మరణం. వదినా, ఇదివరకు 'నెమ్మదిగా వెళ్ళండి' అని రాస్తుండిరి."

"ఎవ్వలు ఇంటున్నరు గట్ల రాస్తే? అందుకే గట్టిగ రాసిన్రు," అంది సుగుణమ్మ, బెల్టు బిగించుకుంటూ.

ఈ వరసలో నాలుగో కారులో ఇనుప ముసుగు వేసుకుని కూర్చున్న ఖైదీ ఇంద్రసేన. వెనకాల కనబడే కార్లు నడపడానికి ఊళ్ళో అనుభవం ఉన్నవాళ్ళు కావాలని సినిమా వాళ్ళు అడిగితే, అందరికంటే ముందు ఆయనే చెయ్యెత్తాడు. ఇంట్లో చెప్పలేదు. సినిమా విడుదలయ్యాక తెరమీద చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. ఆయన వెనక బండ్లు కనబడే అద్దంలోకి చూశాడు. తన వ్యానులాంటి వ్యాను కనబడింది. అద్దం తుడిచి మళ్ళీ చూశాడు. బంపరుకు ఆ తాడు కట్టింది తనే.

ఆయన తలుపు తీసేలోపు జెండా కిందికి దిగింది. కార్లన్నీ గర్జించి దూకాయి. సుగుణమ్మ చెయ్యి బయట పెట్టి, వెనక ఎవరూ లేకపోయినా వెనక్కి చూసి, ఇండికేటరు వేసి, మొదటి గేరులో కదిలింది.

మొదటి మలుపు దగ్గర పొగ వదిలారు. రెండు కార్లు గుద్దుకోవాలని రాసుకున్నారు, గుద్దుకున్నాయి. మూడోది కథానాయకుడిది. దాని ముళ్ళు పక్క కారు గొలుసుల్లో ఇరుక్కోవాలని ఎవరూ రాయలేదు, ఇరుక్కున్నాయి. మిగిలినవి అడ్డదిడ్డంగా ఆగిపోయాయి.

"వదినా, నాకేం కనబడుత లేదు!"

"నాక్కూడ. మంచు పడ్డప్పుడు ఎట్ల నడుపుతమో చూస్తున్నట్టున్నరు." సుగుణమ్మ లైట్లు వేసింది. హారన్ కొట్టింది. ఎడమ అంచు పట్టుకుని, రెండో గేరులో, ఆగిన కార్లన్నింటినీ దాటుకుంటూ పోయింది. ఇరుక్కుపోయిన కారులోంచి కథానాయకుడు చేతులూపాడు. ఆమె కూడా మర్యాదకు తల ఊపింది.

పొగ దాటగానే రోడ్డు మధ్యలో ఒక మనిషి రక్తంతో పడి ఉన్నాడు. సుగుణమ్మ బ్రేకు తొక్కింది.

"సచ్చిండా?" అంది కులసుం.

"ఊపిరి ఆడుతున్నది, కడుపు చూడు. టెస్టు కోసం పండబెట్టిన్రు. పాపం, ఎండల ఎంతసేపటి నుంచి పండుకున్నడో." హారన్ మెల్లగా ఒకసారి కొట్టింది. శవం కళ్ళు తెరవకుండానే పక్కకు దొర్లి దారి ఇచ్చింది. "సుఖంగ ఉండు బిడ్డా," అని దీవించి సుగుణమ్మ ముందుకు పోయింది.

సామియానా కింద దర్శకుడు తెర ముందు నిలబడి ఊగిపోతున్నాడు. "ఎవరీవిడ? ఎంత సహజంగా చేస్తోంది! ప్రపంచం తగలబడిపోతుంటే ఇండికేటరు వేస్తోంది! ఆపకండి, కెమెరాలు ఏవీ ఆపకండి!"

"సార్, స్క్రిప్టులో లేదు సార్," అంది నవత ఏడుపు గొంతుతో.

"ఇప్పుడుంది!"

ఇంద్రసేన అప్పటికి పొగలోంచి బయటపడ్డాడు. పెళ్ళాన్ని ఆపాలి, తను ఎవరో తెలియకుండా ఆపాలి. ఈ రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయో ఆలోచించే తీరిక లేక వేగం పెంచాడు. వ్యాను పక్కకు వచ్చి, ముసుగులోంచి అరుస్తూ, ఆగమని చెయ్యి ఊపాడు.

"వీడెవడు వదినా, మీద మీదకి వస్తుండు!"

"పరేషాన్ చేసేటోళ్ళు ఉంటరని ఉస్తాద్ చెప్పలేదా? అటు చూడకు. టోపీ ఉందా?"

"లేదు, ముసుగుంది."

"ఇగ ఫికర్ లేదు."

నాలుగో కారు అంత కోపంగా ఆమెను తరమడం చూసి, దర్శకుడు కథ మార్చాడనుకుని మిగిలిన ఖైదీలు కూడా కార్లు విడదీసుకుని వెంట పడ్డారు. సుగుణమ్మ గెలుపు గీత దాటింది. మొదట దాటింది. అక్కడ టోపీ పెట్టుకున్న సార్ ఎవరూ లేరు కనక ఆగలేదు. సినిమా వాళ్ళకు ఇచ్చిన ముక్క అక్కడితో అయిపోయిందని, అవతల పరీక్షకు వచ్చినవాళ్ళ బండ్లు, మనుషులు తిరిగే ముక్కని, వెనక వస్తున్నవాళ్ళు కూడా గమనించలేదు.

రవాణా ఆఫీసు సామియానా కింద ఇన్‌స్పెక్టర్ మదన్‌మోహన్ టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనకు నవ్వే అలవాటు లేదు. పక్కన నిలబడ్డ జహూర్ ఉస్తాద్, "మా బెహన్ ఇంకా రాలేదేంది సార్," అంటూ రోడ్డు వైపు చూశాడు. దుమ్ములోంచి ఎడమ ఇండికేటరు కొట్టుకుంటూ తుప్పుపట్టిన వ్యాను వస్తోంది. దాని వెనక ముళ్ళతో, గొలుసులతో ఎనిమిది కార్లు.

మదన్‌మోహన్ చెయ్యెత్తాడు. సుగుణమ్మ తెల్లగీత లోపల ఆపింది. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు తీసి, ఇంజను కట్టేసి, దిగి నమస్కారం పెట్టింది.

"అయిపోయింది సార్. పొగ కూడ దాటిన. పండబెట్టిన మనిషిని తొక్కలే."

ఆమె వెనక నాలుగో కారు వచ్చి పరీక్ష కోసం పెట్టిన రెండు డబ్బాలను పడగొట్టి ఆగింది. అందులోంచి దిగిన ఖైదీ కోపంలో ముసుగు పీకేసి, "సుగుణా! నీకేమన్న బుద్ధుందా?" అని అరిచాడు.

సుగుణమ్మ ఆయనను పైనుంచి కిందికి చూసింది. చిరిగిన ఖైదీ బట్టలు, చెంప మీద ఎర్రరంగు. "మీరా! కోహీర్ పోతన్నరు గద!"

"అది... షూటింగు. సినిమా. నువ్వు సినిమాల జొరబడ్డవే!"

"మరి మీకు పనుందన్నరు?"

"ఇదే పని."

కులసుం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే సుగుణమ్మకు అంతా అర్థమైంది. ఇప్పటిదాకా తను బండి నడిపింది పరీక్షలో కాదు. బండి పోయినట్టే. సాయంత్రానికి చంద్రప్ప వస్తాడు.

మదన్‌మోహన్ లేచి నాలుగో కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "నంబరు ప్లేటేది?"

"సినిమా బండి సార్."

"సినిమా అక్కడ అయిపోయింది. ఇది సర్కారు రోడ్డు. బెల్టేది? ఈ ముండ్లేంది? లర్నర్ బండిని తప్పు దిక్కు నుంచి దాటాలని చూసినవ్, నేను కండ్లార చూసిన. లైసెన్సు ఉందా?"

"ముప్పై ఏండ్ల సంది ఉంది సార్!" అని ఇంద్రసేన ఛాతీ విరిచి తీసి ఇచ్చాడు. మదన్‌మోహన్ దాన్ని చూసి తన జేబులో పెట్టుకున్నాడు. నోటీసు ఇంటికి వస్తుందన్నాడు. తర్వాత మిగిలిన ఏడు కార్ల వైపు నడిచాడు. ఆ పని అయ్యాక తిరిగి వచ్చి సుగుణమ్మను పిలిచాడు.

"తొమ్మిది బండ్లొచ్చినయి. బెల్టు పెట్టుకున్నది, ఇండికేటరు వేసింది మీరొక్కరే. అయినా అది లెక్కలకు రాదు. ఎక్కండి, ఎనిమిది అంకె తిప్పి, రివర్స్ చేసి చూపియ్యండి."

సుగుణమ్మ బండి ఎక్కింది. పొగ లేదు, ముళ్ళు లేవు, అరిచేవాళ్ళు లేరు. ఊరికే నిలబడ్డ డబ్బాలున్నాయి. ఎనిమిది తిప్పి, రివర్స్ చేసి, గీత మీద ఆపింది.

"ఇంతేనా సార్?" అంది కొంచెం నిరాశగా.

"ఇంతే. పాస్."

జహూర్ ఉస్తాద్ రెండు చేతులూ పైకెత్తి అల్లాకు శుక్రియా చెప్పుకున్నాడు. కులసుం ఎగిరి గంతేసింది. రొప్పుతూ దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, కథ మార్చేశాను! పందెంలో గెలిచేది మీరే. ఆ శవం దగ్గర ఆగారు చూడండి, అది మాత్రం ఇంకొక్కసారి..."

"మల్లెప్పుడన్న చేస్త గని, పొద్దున జల్లించిన పిండి అట్లనే ఉంది నాయనా," అంది సుగుణమ్మ. "జర మీ శవానికి తాగనీకె నీళ్ళియ్యున్రి."

సాయంత్రం ఇంద్రసేన చంద్రప్పకు ఫోన్ చేసి, "బండి అమ్ముడు లేదు, అది ఇప్పుడు నాది కాదు," అని గబగబా చెప్పి పెట్టేశాడు. వారం తిరగకుండా నోటీసు వచ్చింది. మూడు నెలలు ఆయన ఏ బండీ నడపరాదు.

అప్పటికే వ్యాను రోజూ క్యాంటీన్‌కు పోతోంది. వెనక రొట్టెల గంపలు, ముందు స్టీరింగ్ దగ్గర సుగుణమ్మ. పత్తి చేను దారిలోనే కాబట్టి పక్క సీట్లో ఇంద్రసేన, బెల్టు బిగించుకుని. దారి పొడవునా ఆయన ఒక్క సలహా కూడా ఇవ్వడం లేదు. లైసెన్సు లేనివాడు సలహా ఇవ్వడం కూడా నేరమేమోనని ఆయన అనుమానం.