టెలిస్కోపు నీకే, కాదు మీకే

ఆ పొద్దున ఇంట్లో ఒప్పందం కుదిరింది. వంటిల్లు ఆయనది, హాల్లో కంప్యూటర్ ఆవిడది. భార్యాభర్తలిద్దరూ ఖగోళ శాస్త్రవేత్తలే. వాళ్లు వాడే టెలిస్కోపు భూమికి అవతలి వైపు ఒక కొండ మీద ఉంది. ఇక్కడ తెల్లారితే అక్కడ చీకటి పడుతుంది. ఇవాళ వంతు ఆవిడది. ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్న రెండు గెలాక్సీల మీద ఆవిడ ఏళ్ల తరబడి పనిచేస్తోంది. చివరి ఫొటోలు ఇవాళే రావాలి, లేకపోతే ఆ గెలాక్సీలు సూర్యుడి చాటుకి వెళ్లిపోతాయి. మళ్లీ వచ్చే ఏడాదే.

"ఇవాళ నా ఫోన్ జోలికే పోను," అని ఆయన ఒట్టేసి మరీ ఉల్లిపాయలు ముందేసుకున్నాడు.

ఆయనది న్యూట్రాన్ నక్షత్రాల శాఖ. అలాంటివి రెండు ఢీకొని ఒకటైతే, ఆ వెలుగు కొద్ది రోజుల్లోనే ఆరిపోతుంది. అందుకని కబురు అందగానే ఎవరి వంతునైనా ఆపి టెలిస్కోపుని తిప్పుకునే హక్కు ఆయనకుంది. ఆ తిప్పే పని ఫోనే చూసుకునేలా ఆయనే ఏర్పాటు చేసుకున్నాడు. ఒట్టేసింది ఆయన, ఫోన్ ఏ ఒట్టూ వేయలేదు.

ఉల్లిపాయలు సగం తరిగేసరికి అది కూసింది.

"ఏవండీ! నా గెలాక్సీలు ఎటు పోయాయి?" హాల్లోంచి కేక.

ఆయన కత్తితోనే పరిగెత్తాడు. తెర మీద ఇంకేదో ఆకాశం వచ్చి కూర్చుంది.

"నేనేం ముట్టుకోలేదు! దానంతటదే..."

"దానికి నేర్పిందెవరు?"

"అది కాదే, ఎక్కడో రెండు నక్షత్రాలు కలిశాయి. నీ గెలాక్సీలు పూర్తిగా కలవడానికి ఇంకా కోట్ల ఏళ్లు పడుతుంది. ఒక్క పూట ఆగలేవా?"

"మీ నక్షత్రాలు కలిసిపోయి కోట్ల ఏళ్లయింది. వెలుగు ఇప్పుడొచ్చింది, అంతే. ఇప్పుడింత తొందరేంటి?"

ఇద్దరి లెక్కా ఒప్పే. అందుకే తగువు తేలలేదు. ఆయన విసురుగా వంటింట్లోకి నడిచి ఉల్లిపాయలు బాణలిలో పడేశాడు. కళ్లు చెమర్చాయి, నేరం ఉల్లిపాయలది కాదు. పాపం, ఆవిడది ఎన్నేళ్ల కష్టం! కొండ మీది ఆపరేటర్‌కి సందేశం పెట్టాడు: "నా హక్కు వదులుకుంటున్నాను." అదే సమయానికి హాల్లో ఆవిడకీ జాలేసింది. ఇలాంటి కబురు కోసం ఆయన ఎంతకాలంగా కాచుకుని ఉన్నాడో ఆవిడకి తెలియంది కాదు. ఆవిడా సందేశం పెట్టింది: "నా వంతు వదులుకుంటున్నాను."

చేసిన త్యాగం చెప్పుకుందామని ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడేలోపే ఆపరేటర్ కంప్యూటర్‌లో ప్రత్యక్షమయ్యాడు.

"సార్, మీరూ వద్దన్నారు, మేడమ్ కూడా వద్దన్నారు. టెలిస్కోపుని ఖాళీగా ఉంచకూడదని రూలు. వెయిటింగ్ లిస్టులో ఉన్నాయనకి ఇచ్చేశాను."

"ఎవరాయన?"

"దుమ్ము మీద పరిశోధన చేస్తారే, ఆయన."

నక్షత్రాల మధ్య ఉండే ఆ దుమ్మంటే ఇద్దరికీ ఒళ్లుమంట. ఎప్పుడూ వాళ్ల ఫొటోలకి అడ్డం పడేది అదే.

"వద్దొద్దు! మా ఇద్దర్లో ఒకరికివ్వు!"

"ఎవరికి?"

"ఆవిడకి!" అన్నాడాయన. "ఆయనకి!" అంది ఆవిడ, అదే క్షణంలో.

"తేల్చుకుని చెప్పండి. అందాకా దుమ్ము నడుస్తుంటుంది."

ఇందాక నాకంటే నాకని అరిచినవాళ్లు, ఇప్పుడు నీకంటే నీకని అంతకంటే గట్టిగా అరుచుకున్నారు.

"నువ్వింత మొండిదానివనుకోలేదు!"

"ఎవరి దగ్గర నేర్చుకున్నానో!"

అదంతా ప్రేమేనని ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా తగ్గలేదు. ఈలోగా బాణలి మాడింది. ఆ వాసనకి ఆయన తల్లి గదిలోంచి వచ్చి, పొయ్యి కట్టేసి, తెర మూలనున్న గెలాక్సీల పాత ఫొటో వైపు చూసింది.

"ఆ రెండూ కొట్టుకుంటున్నాయా, కలుస్తున్నాయా అమ్మాయ్?"

"రెండూనూ అత్తయ్యా. తేలడానికి ఇంకా కోట్ల ఏళ్లు పడుతుంది."

"అయితే మీకంటే అవే ముందు తేలేట్టున్నాయి."

కోడలికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. "చెరి సగం వాడుకుందామండీ," అంది. ఆ ముక్క మొదటే ఎందుకు తోచలేదా అని ఆయన తల కొట్టుకుని ఆపరేటర్‌ని పిలిచాడు.

"ఇప్పుడే మబ్బు కమ్మింది సార్, గుమ్మటం మూసేశాం. దుమ్ము ఫొటోలు మాత్రం శుభ్రంగా వచ్చాయి."

మబ్బు వారమైనా వీడలేదు. ఆవిడ గెలాక్సీలు సూర్యుడి చాటుకి వెళ్లాయి, ఆయన నక్షత్రాల వెలుగు ఆరిపోయింది. బాధ ఇద్దరిదీ అయింది గనక ఒకరినొకరు ఏమీ అనుకోలేకపోయారు.

కొన్నాళ్లకి దుమ్ము శాస్త్రవేత్త వ్యాసం అచ్చయి పెద్ద పేరు తెచ్చుకుంది. అడుగున, కృతజ్ఞతల్లో, దంపతుల పేర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఇన్నేళ్ల కాపురంలో వాళ్లిద్దరి పేర్లూ ఒకే వ్యాసంలో కలవడం అదే మొదటిసారి.