ఆదరణ కూడికకు సరిపడే కేబుల్

దుఃఖంలో ఉన్న ఇంటికి వెళుతున్నారా? పళ్లు వద్దు, బ్రెడ్డు వద్దు. టీవీకి సరిపడని ఒక కేబుల్ పట్టుకెళ్లండి! ఈ కాలంలో అంతకు మించిన ఓదార్పు లేదు.

నమ్మరా? అయితే సారపాకలో జోజి సారు ఇంటికి రండి.

బడిపంతులు జోజి సారు భార్య లిదియా పోయి నెల కాలేదు. ఆమెకు వీడియో గేమంటే ప్రాణం. వంట దించి, కొంగు దోపుకుని, రోజూ కాసేపు కారు రేసు ఆడేది. ఆమె పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని ఆమె తమ్ముడు ప్రభు పాత టీవీని వైర్లతో సహా ఎక్స్‌ఛేంజికిచ్చి కొత్త ఎల్‌సీడీ తెచ్చాడు. గేము పెట్టె మిగిలింది, కేబుల్ పోయింది.

జోజి సారు ఆ పెట్టెను కావాలనే ముందు గదిలో పెట్టాడు. దాన్ని చూసైనా ఎవరో ఒకరు లిదియా సంగతి ఎత్తుతారని ఆయన ఆశ. వచ్చినవాళ్లంతా ‘దేవుని చిత్తం’ అనేసి గోడ గడియారం వైపు చూస్తున్నారు మరి!

ఆదరణ కూడిక పెట్టి ఓదార్చడానికి వచ్చిన ఎబినేజర్ పాస్టరు గారు బైబిలు తెరిచారు. గేము పెట్టె కనబడింది. బైబిలు మూశారు.

"దీనికి పసుపు పిన్ను గదా సారూ? మా డీవీడీది తెస్త, ఆగుండ్రి!"

ఆ ముఖంలో ఎంత వెలుగు! ఆ వైరు టీవీకి పట్టింది, పెట్టెకు పట్టలేదు. ఎంత అదృష్టం! లేకపోతే ఆయన కూర్చుని మాట్లాడవలసి వచ్చేది.

మర్నాడు ప్రభు భద్రాచలం నుంచి చదును మూతి హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చాడు. "గోల్డ్ కోటింగ్ బావా! షాపాయన గ్యారంటీ ఇచ్చిండు." పెట్టెకు అలాంటి కన్నమే లేదు.

కంపెనీలవాళ్లు ఎంత దయామయులు! అన్నిటికీ ఒకే కేబుల్ చేసి ఉంటే మన గతేమిటి? ఎదురెదురుగా కూర్చుని ఒకరి కళ్లు ఒకరం చూసుకోవాలి. అంతటి ప్రమాదాన్ని ఎవరు భరిస్తారు?

కాగితం మిల్లుకు జామాయిలు కర్ర తోలే జయప్రకాశ్ గారు ఖమ్మం నుంచి అయిదు పిన్నులది తెచ్చారు.

"ఎర్రవి రెండున్నాయేంటండీ మాస్టారూ?"

దాని మీద గంట చర్చ. ఆకుపచ్చ పిన్నును పసుపు కన్నంలో దూర్చారు. బొమ్మ నలుపు తెలుపులో వచ్చింది.

"ఖమ్మం దాకా పోయి బ్లాక్ అండ్ వైట్ తెచ్చినవా అన్నా!" అన్నాడు ప్రభు.

ఇన్ని సాయంత్రాల్లో ఆ ఇంట్లో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ అన్న మాటలు మోగిపోయాయి. లిదియా అన్న మాట ఒక్కసారీ వినబడలేదు. ఎంత సౌకర్యం!

చివరకు జయప్రకాశ్ గారు ఆకుపచ్చను ఆకుపచ్చలో పెట్టారు. రంగులొచ్చాయి. ప్రభు కంట్రోలరు బావ చేతికిచ్చాడు. జోజి సారు ఎన్నడూ ఆడినవాడు కాదు. కారు మొదటి మలుపులోనే గోడను గుద్దింది.

ప్రభు పగలబడి నవ్వాడు. "అచ్చం గిట్లనే గుద్దేది! గుద్ది, మల్ల నా మీదనే కస్సుమనేది మా..."

ఆగిపోయాడు.

జోజి సారు తెర మీది నుంచి చూపు తిప్పాడు. "చెప్పు ప్రభూ. ఎట్ల కస్సుమనేది?"

"సౌండ్ వస్తలేదు బావా. ఆగు, చూస్త" అని ప్రభు టీవీ వెనక్కి వంగాడు.

సౌండ్ వీధి చివరి దాకా వినబడుతోంది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రభు చాలాసేపు బయటికి రాలేదు.

కనుక పాఠకులారా, కొత్త టీవీ కొంటే, షాపువాళ్లు ఎంత చెప్పినా సరే, గోడకు బిగించకండి. వెనక ఒక మనిషి వంగి కూర్చునేంత చోటు వదలండి.