పాము తాగిన క్రిస్మస్ గుడ్లు

ఆ ఉదయం ఎస్తేరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దు గుంకేలోగా కోడిగుడ్ల డొల్లలకు బొమ్మలు అంటించి క్రిస్మస్ చెట్టుకు కట్టాలి. చర్చిలో పాడకుండా తప్పించుకోవాలి.

ఆళ్లగడ్డ మిషన్ బడిలో ఉపాధ్యాయుడైన ఆనందరావు కూతురికి మాటిచ్చాడు. చెట్టుకు అలంకారాలు చేస్తే పాట మాఫీ. చేయకపోతే, నంద్యాల నుంచి బస్సులో వచ్చే పాదిరిగారి ముందు కీర్తన పాడే పుల్లయ్య మామ పక్కన నిలబడి, అందులో రెండో చరణం ఒక్కతే పాడాలి. బడిలో హాజరు పలకడానికే ముందు పిల్ల వెనక దాక్కునే ఎస్తేరుకు రాత్రి నిద్ర పట్టలేదు.

యుద్ధం రోజులు. రంగుకాగితాలు లేవు, వార్నీషు లేదు. బట్టలంగడిలో తానుల మీద అంటించి వచ్చే మిల్లు బొమ్మలను అడిగి తెచ్చుకుంది. వాటిలోని చిలకలను, గులాబీలను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించింది. పెద్ద ముక్కయితే గుడ్డు గుండ్రానికి ముడతలు పడుతుంది. గంజితో అంటించి, పైన తెల్లసొన పూస్తే మెరుపు వస్తుంది. ఇక కావలసింది గుడ్లే. తవుడు గంపలో ఉన్నవి మామ గొంతు కోసం అమ్మ దాచినవి. అడిగితే ఇవ్వదు. అందుకే ఎవరూ లేవకముందే సూదితో పైన ఒకటి, కింద ఒకటి బొక్కలు పొడిచి, ఊది, లోపలిదంతా చట్టిలోకి దించింది. డొల్లలను కడిగి, దొర్లిపోకుండా మళ్లీ తవుడులోనే పెట్టింది. కొన్నింటిని పెరటి కొట్టంలోకి తీసుకుపోయి, బొమ్మలు అంటించి, దారం కట్టి ఆరవేసింది. అరగంటకొకసారి బయటికొచ్చి ఎండ ఎంతవరకు వచ్చిందో చూసుకుంటూనే ఉంది.

దొర్నిపాడు నుంచి వచ్చిన పుల్లయ్యకు పండగ రోజుల్లో పచ్చిగుడ్డు తాగనిదే గొంతు లేవదు. గంపలోంచి ఒకటి తీసి, గుంజకు కొట్టి, తల వెనక్కి వాల్చి నోట్లోకి వంచుకున్నాడు. ఏమీ రాలేదు.

"అక్కా! ఏందిది? నీ కోడి గాలి పెడ్తాండాదా?"

"కోడి యాడన్నా గాలి పెడ్తాదా? నిద్రమొగం నువ్వూ! ఇంగోటి తీసుకో" అంది ఎస్తేరు తల్లి కమలాక్షమ్మ, పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే.

ఇంకొకటీ గాలే. పుల్లయ్య దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "బొక్కలుండాయక్కా! పైనొకటి, కిందొకటి!"

పక్కింటి పాపయ్య గోడ మీదుగా తల పెట్టాడు. పాముల సంగతి ఆ వీధిలో తనకే తెలుసని ఆయన నమ్మకం. "ఇట్ల చూపియ్యప్పా. పైది పైకోర, కిందిది కిందికోర. నాగుబామే. చుక్క మిగల్చకుండా తాగిపోయింది సూడు!"

కమలాక్షమ్మ గరిటె వదిలేసి మంచం ఎక్కింది. ఎస్తేరు గంజి అంటిన చేతులు వెనక్కి పెట్టుకుని, "మామా, అది..." అంది.

"నువ్వు దూరం పోవే, కరుస్తాది!" అని మామ ఆమెను పక్కకు నెట్టాడు.

గడియలో వీధంతా వాకిట్లో ఉంది. ట్రంకు పెట్టె బయటికి వచ్చింది. జొన్నల గాదె బయటికి వచ్చింది. తిరగలి కూడా వచ్చింది, దాని కింద పాము పడుకుంటుందని ఎవరో అన్నందుకు. ఎస్తేరు ఒక్కొక్కరి వెనకా తిరుగుతూ గొణుగుతోంది. "బెదిరిపోయింది బిడ్డ, నీళ్లియ్యండి" అని ఎవరో చెంబు అందించారు.

"ఇంట్లో లేదు. కొట్టంలో దూరింది" అని తేల్చాడు పాపయ్య. "మిరపకాయల పొగ పెట్టండప్పా, తొందరగా!"

మూకుడులో నిప్పులు, నిప్పుల మీద గుంటూరు దాకా ఘాటు తగిలేటన్ని మిరపకాయలు. పుల్లయ్య కొట్టం వాకిట్లో కూర్చుని పొగను లోపలికి ఊదాడు. గాలి తిరిగింది. లోపలికి పోవలసిన పొగంతా ఆయన గొంతులోకే పోయింది. దగ్గి దగ్గి కూలబడ్డాడు.

"పొగకు రాకుంటే గోడ తవ్వాల్సిందే" అని పాపయ్య గడ్డపార ఎత్తాడు. ఆ గోడకు అవతలి వైపే చిలకలూ గులాబీలూ వేలాడుతున్నాయి.

"ఆపప్పా!!"

గడ్డపార గాల్లోనే ఆగింది. ఎక్కడో ఎద్దు ఉలిక్కిపడి గంట మోగించింది.

"పాము ల్యా! ఏమీ ల్యా! గుడ్లన్నీ నేనే ఊదినా! చెట్టుకు కట్టేకి!"

"నువ్వా? కోరలు?" అన్నాడు పాపయ్య నీరసంగా.

"సూది."

పుల్లయ్య తిట్టడానికి నోరు తెరిస్తే గాలే వచ్చింది. ఆ రోజు ఆ ఇంట్లో వినబడిన బుస అదొక్కటే. ఇంకోసారి ప్రయత్నించి, గొంతు పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

అప్పుడే ఆనందరావు పరుగున వచ్చాడు. "ఎవరే ఆ అరిచింది? బస్సు ఆగే కాడికి వినబడె!"

అన్ని వేళ్లూ ఎస్తేరు వైపే తిరిగాయి.

"నాయనా, అలంకారాలు చేసినా. మాటిచ్చినావు" అంది ఎస్తేరు. గొంతు మళ్లీ చిన్నదైపోయింది.

ఆనందరావు మూగబోయిన బావమరిదిని చూశాడు, కూతుర్ని చూశాడు. "మాట మాటే. రెండో చరణం మాఫీ. ఇప్పుడు పాటంతా నీదే."

సాయంత్రం ఎస్తేరు కళ్లు మూసుకుని, తొందరగా అయిపోవాలని గట్టిగా పాడింది. కళ్లు తెరిచేసరికి పాదిరిగారు కళ్లు తుడుచుకుంటున్నారు. కొత్త సంవత్సరానికి నంద్యాలలో కూడా ఈ పిల్లే పాడాలన్నారు. అక్కడి చర్చి దీనికి పదింతలు.