వంకర రాని కుకీలు

ఇందుమూలంగా బంధుమిత్రులందరికీ తెలియజేయడమేమంటే, రిక్, రోక్సాన్ దంపతుల ఏకైక కుమార్తె చిరంజీవి సౌభాగ్యవతి కేలిన్ వివాహంలో బజారులో కొన్న వస్తువు ఒక్కటి కూడా ఉండదు. ఆహ్వానం మొదలు అప్పగింతల దాకా అంతా చేత్తో చేసిందే. ఈ ప్రకటనను పెళ్లికూతురు స్వయంగా తన ఫోనులో వెలువరించగా, అరగంటలో మూడువందల మంది హృదయం గుర్తు నొక్కి హర్షం వెలిబుచ్చారు.

ఈ వార్త విని అందరికంటే ఎక్కువ సంబరపడినది బెర్నడీన్. ఆమె పెళ్లికూతురి అమ్మమ్మకు స్వయానా చెల్లెలు, అంటే కేలిన్‌కు చిన్నమ్మమ్మ. వయసు డెబ్బై మూడు. పశ్చిమ పెన్సిల్వేనియాలో, మొనొంగహీలా నది ఒడ్డున, ఉక్కుమిల్లు పొగలో పుట్టి పెరిగి, చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకు కూర్చోవడం పాపమని నమ్మిన మనిషి. పోనీలే, పిల్లకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది, అనుకుంది.

ఎందుకంటే ఆ లోయలో పెళ్లంటే కుకీల బల్ల. ఫాదర్ ఆలస్యమైతే సర్దుకుంటారు, పెళ్లికొడుకు ఆలస్యమైనా ఓపిక పడతారు. కుకీల బల్ల పల్చగా ఉంటే మాత్రం మూడు తరాలు చెప్పుకుంటారు. రెండువైపుల పిన్నులూ మేనత్తలూ అమ్మమ్మలూ నెల ముందునుంచి కాల్చి తెచ్చినవి వేలకొద్దీ పేర్చాలి. కేకు ఉంటుంది గానీ, అది ఫొటో కోసం. పెళ్లికొచ్చిన పెద్దవాళ్లు ముందుగా బల్ల దగ్గరకు వెళ్లి, కళ్లద్దాలు సవరించుకుని, ఎవరి పళ్లెం ఎక్కడుందో తనిఖీ చేసి, ఆ తరవాతే పెళ్లికూతురి ముఖం చూస్తారు. బల్ల మీద పళ్లెం లేని పిన్ని బతికున్నా లేనట్టే.

బెర్నడీన్, ఆమె అక్క, అంటే కేలిన్ అమ్మమ్మ ఐరీన్, కలిసి చేసేవి క్లిప్పు కుకీలు. బట్టలారేసే చెక్క క్లిప్పులకు పల్చటి పిండి పట్టీ చుట్టి కాలుస్తారు. కాలాక క్లిప్పు లాగేసి, ఆ గొట్టంలో క్రీమ్ నింపుతారు. చుట్టడం ఐరీన్ పని, నింపడం బెర్నడీన్ పని. యాభై నాలుగేళ్లు, ఒకే వంటిల్లు, అవే క్లిప్పులు. ఆ ఐరీన్ మొన్న చలికాలంలో పోయింది. పోయేముందు ఆస్పత్రి మంచం మీద ఆస్తి గురించి గానీ ఆత్మ గురించి గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు. "కేలిన్ పెళ్లికి మన క్లిప్పు కుకీలుండాలే బెర్నీ. బల్ల మధ్యలో ఉండాలి, తెలిసిందా," అంది. బెర్నడీన్ తెలిసిందంది. అప్పట్నుంచి ఆమెకు ఈ లోకంలో మిగిలిన పని అదొక్కటే.

ఇక్కడ హస్తకళా మండలి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. పెళ్లికూతురు, ఆమె స్నేహితురాళ్లు అయిదుగురు కలిసి దీన్ని స్థాపించారు. షెల్బీ అనే అమ్మాయి అధ్యక్షురాలు. ఆమె చేతులతో ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు గానీ, చేతులు ఊపుతూ మాట్లాడటంలో దిట్ట. మండలి మొదటి విజయం శుభలేఖలు. చేతిరాతలా కనిపించే అక్షరాలను కంప్యూటర్లో ఎంచుకుని, అచ్చుయంత్రంలో రెండువందలు కొట్టించి, స్టాంపులు మాత్రం రోక్సాన్ చేత చేత్తో అంటింపజేశారు. "ప్రేమతో, మా చేతులతో" అని చెక్కిన పన్నెండు బోర్డులు సముద్రాలు దాటి పెట్టెలో వచ్చాయి. పన్నెండూ కవలలు.

పాత లాంతర్లు కావాలని మండలి తీర్మానించింది. పాతవి దొరకలేదు, కాబట్టి కొత్తవి కొన్నారు. కొత్తవి మెరుస్తున్నాయి, కాబట్టి వాటిని తుప్పు పట్టించే బాధ్యతను పెళ్లికూతురి తండ్రికి అప్పగించారు. రిక్ ముప్ఫై ఒక్క ఏళ్లు మిల్లులో ఉక్కుకు తుప్పు పట్టకుండా చూసి రిటైరైన మనిషి. పెరట్లో మడత కుర్చీ వేసుకుని, ఎనభై లాంతర్లకు వెనిగరూ ఉప్పూ పూస్తూ, పూటపూటకీ తుప్పు ఎంతవరకు వచ్చిందో చూసుకుంటూ గడిపాడు. సరిగ్గా రావడంలేదని షెల్బీ రెండుసార్లు మందలించింది.

పెళ్లి జరగబోయే చోటు నూరేళ్లనాటి పశువుల కొట్టం. కట్టి మూడేళ్లయింది. అందులో ఇంతవరకు ఒక్క పశువు కూడా అడుగుపెట్టలేదు, లోపల ఏసీ ఉంది.

ఇలాంటి ఏర్పాట్లమధ్య, పెళ్లికి మూడు వారాలుందనగా, బెర్నడీన్ తన కుకీల నమూనా పట్టుకుని మండలి ముందు హాజరయింది. పాతిక క్లిప్పు కుకీలు, పళ్లెంలో వరసగా, ఒకే పొడవు, ఒకే లావు, ఒకే రంగు. మండలి చూసింది. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరూ తినలేదు.

"బావున్నాయి చిన్నమ్మమ్మా," అంది కేలిన్ నసుగుతూ. "మరీ బావున్నాయి. అదే ఇబ్బంది."

షెల్బీ లేచి నిలబడింది. "అతిథి ఒక కుకీని చూసినప్పుడు అందులో ఒక మనిషి కనబడాలండీ. ఆ మనిషి పడ్డ అవస్థ కనబడాలి, తడబాటు కనబడాలి. వీటిలో తడబాటేదీ? ఇవి ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టున్నాయి. చేత్తో చేసినట్టు లేవు."

బెర్నడీన్ తన చేతులు తిప్పి చూసుకుంది. కణుపులు ఉబ్బి ఉన్నాయి, కుడి బొటనవేలి మీద కాలిన మచ్చ ఉంది. తనకు తెలిసినంతవరకు అవి చేతులే.

"కొంచెం వంకరగా చెయ్యి చాలు," అంది కేలిన్, ఆమె భుజం మీద చెయ్యేసి. "ప్రేమగా."

వంకరగా చేయడం చాలామందికి పుట్టుకతో వచ్చే విద్య కనక, దాని కష్టం వాళ్లకు తెలియదు. బెర్నడీన్‌కు తెలిసొచ్చింది. ఎడమచేత్తో చుట్టి చూసింది. కళ్లద్దాలు తీసేసి చుట్టింది. టీవీలో బేస్‌బాల్ చూస్తూ, అంపైరును తిడుతూ చుట్టింది. ఏం చేసినా అవి తిన్నగానే వచ్చి కూర్చున్నాయి. నాలుగోరోజుకు పంతం పట్టి, పిండి పట్టీని ఎక్కడ కాస్త వదులు చేయాలో, ఎంత ఎడమకు లాగాలో సాధన చేసి, మొత్తానికి వంకర పట్టుకుంది. పదిహేను డజన్లు చేసి తీసుకెళ్లింది.

పదిహేను డజన్లూ ఒకేవైపు, ఒకే మేర, వెంట్రుకవాసి తేడా లేకుండా వంగి ఉన్నాయి.

"అచ్చుపోసిన వంకర," అంది షెల్బీ. నాణ్యత పరిమితిని మించిన కారణంగా తిరస్కరించడమైనదని తీర్మానం రాసుకున్నారు. చేత్తో కాదు, ఫోనులో. రోక్సాన్ ఆమెను కారుదాకా సాగనంపుతూ, ఏమీ అనుకోవద్దనీ, ఈసారికి శ్రమ పెట్టుకోకుండా అందరిలా అతిథిగా వచ్చి హాయిగా కూర్చోమనీ చెప్పింది. "నీక్కూడా రెస్టు కావాలి కద పిన్నీ," అంది.

అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది. బెర్నడీన్ ఇంటికొచ్చి, ఆ పదిహేను డజన్లనూ ఎదురుగా పెట్టుకుని, ఐరీన్ కుర్చీ వంక చూసి ఏడ్చింది. మాటిచ్చానే, ఇప్పుడు నీకేం చెప్పుకోనే, అని పైకే అంది. తరవాత ముక్కు తుడుచుకుంది. తరవాత కోపమొచ్చింది.

ఆ కోపంలో ఉండగా రిక్ వచ్చాడు. చేతులు మోచేతిదాకా తుప్పురంగులో ఉన్నాయి. అడగకుండానే నాలుగు కుకీలు తిని, సంగతంతా విని, ఆమెను కారెక్కించుకుని హైవే పక్కనున్న పెద్ద దుకాణానికి తీసుకెళ్లాడు. అక్కడ పన్నెండో వరసలో "అమ్మమ్మ వంటిల్లు" అన్న చీటీతో ప్లాస్టిక్ డబ్బాలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. లోపల కుకీలు. ఒకటి చీలింది, ఒకటి అంచు మాడింది, ఒకటి పక్కకు ఒరిగింది, ఏ రెండూ ఒక్కలా లేవు. బెర్నడీన్ నోరెళ్లబెట్టింది. ఇంత అధ్వాన్నంగా ఎలా చేయగలిగారని నిజంగానే ఆశ్చర్యపోయింది.

రిక్ మిల్లు మనిషి. డబ్బా పైకెత్తి, దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "పన్నెండు వంకర అచ్చులున్నాయి అత్తయ్యా," అన్నాడు. "పదమూడోది మళ్లీ మొదటిదే."

నలభై డబ్బాలు కొన్నారు.

వాటిని చెక్క పెట్టెల్లో గోనెపట్టా పరిచి పేర్చి తెచ్చిన రోజున మండలి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇదీ మనిషి చెయ్యంటే, అంటూ షెల్బీ ఉపన్యసించింది. మాడిన అంచు చూపించి, ఇందులో ఒక జీవితం ఉందంది. కేలిన్ కళ్లనీళ్లు పెట్టుకుని చిన్నమ్మమ్మను వాటేసుకుంది, అమ్మమ్మ చూస్తే ఎంత మురిసిపోయేదోనంది. బెర్నడీన్ ఆ పిల్ల వీపు నిమిరింది. ఐరీన్ చూస్తే ఏమనేదో ఆమెకు బాగా తెలుసు గానీ, అది పెళ్లింట్లో అనగలిగే మాట కాదు.

ఐరీన్‌కిచ్చిన మాట మాత్రం మిగిలిపోయింది. కాబట్టి పెళ్లికి రెండురోజుల ముందు తలుపేసుకుని, ఐరీన్ పని కూడా తానే చేస్తూ, ముప్ఫై డజన్ల క్లిప్పు కుకీలు చేసింది. తిన్నగా, ఒకే కొలతన, మనసుకు నచ్చినట్టు. పెట్టడానికి పళ్లేలు చాలక, ఖాళీగా పడున్న ఆ ప్లాస్టిక్ డబ్బాల చీటీలు పీకేసి వాటిలోనే సర్దింది. కొట్టం దగ్గర మండలి వాళ్లడిగితే, ఒకవేళ చాలకపోతేనని తెచ్చానంది. డబ్బాలు చూశాక వాళ్లకు ఇంకేం అడగాలనిపించలేదు. బల్ల చివర, స్తంభం చాటున పెట్టించి, షెల్బీ స్వహస్తాలతో ఒక చీటీ రాసి నిలబెట్టింది: "ఇవి బజారువి. మన్నించగలరు." ఆ పెళ్లి మొత్తానికి నిజంగా చేత్తో రాసింది ఆ చీటీ ఒక్కటే.

పెళ్లి మధ్యాహ్నం రెండింటికి సలక్షణంగా జరిగింది. రెండున్నరకు పెద్దవాళ్లు తనిఖీకి బయల్దేరారు.

చెక్క పెట్టెల దగ్గర కుర్రకారు ఫొటోలు తీసుకుంటున్నారు. పెళ్లికొడుకు మేనత్త, నది ఆవలి ఊరి మనిషి, ఎనభై ఏళ్లావిడ, ఆ పెట్టెలోంచి ఒకటి తీసి కొరికి, మర్యాదగా చేతిరుమాల్లోకి వదిలేసింది. బల్ల పొడుగునా నడిచింది. స్తంభం చాటుకు వెళ్లింది. చీటీ చదివింది. డబ్బా మూత తీసి ఒకటి నోట్లో పెట్టుకుని, అలాగే నిలబడిపోయింది. జనంలో బెర్నడీన్ ఎక్కడుందో వెతికి, పెదవి మీది క్రీమ్ తుడుచుకుని, తలూపింది. బెర్నడీన్‌కు గుండె నిండిపోయింది.

పది నిమిషాల్లో స్తంభం వెనక జనం బారు తీరారు. రెండువైపుల ముసలమ్మలూ పర్సుల్లోంచి అల్యూమినియం కాగితం తీసి పొట్లాలు కట్టడం మొదలెట్టారు. తోపులాట ఎక్కువై లాంతరొకటి కింద పడింది. రద్దీని అదుపు చేసే నిమిత్తం రిక్ ఆ డబ్బాలన్నిటినీ మోసుకొచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. చెక్క పెట్టెలను స్తంభం చాటుకు జరిపాడు. చూశావుటే ఐరీన్, అని గొణుక్కుంది బెర్నడీన్.

ఎండ ఇంకా ఉండగానే కేలిన్ వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదుట. అందిన డబ్బాలోంచి ఒక క్లిప్పు కుకీ తీసి నోట్లో వేసుకుంది. నమలడం ఆపేసింది. ఇంకోటి తింది. కళ్లకున్న కాటుక కరిగింది, ఈసారి ఫొటో తీసేవాడు పక్కన లేకుండానే.

"ఇవి ఏ షాపులో కొన్నావు చిన్నమ్మమ్మా? అచ్చం అమ్మమ్మ చేసినట్టే ఉన్నాయి."

"నేనే చేశానే పిచ్చిపిల్లా. మీ అమ్మమ్మ క్లిప్పుల మీదే చుట్టాను."

కేలిన్ నవ్వి, ఆమె బుగ్గ గిల్లింది. "ఊరుకో. ఇంత తిన్నగా చేత్తో ఎవరు చేస్తారు? పోనీ షాపు పేరన్నా చెప్పు."

బెర్నడీన్ బల్ల మధ్యకు చూసింది. డబ్బాల్లో అడుగున ముక్కలు మాత్రం మిగిలున్నాయి.

"ఐరీన్ అండ్ సిస్టర్," అంది. "మా ఊళ్లోనే. నది పక్కన."

"పేరు కూడా కలిసొచ్చిందే!" అంటూ కేలిన్ ఫోను తీసి వెతికింది. ఎక్కడా కనబడలేదు. ఇంత మంచి షాపుకి ఒక్క నక్షత్రం కూడా లేదేమిటని జాలిపడింది. ఎవరో ఒకరు పూనుకోకపోతే ఇలాంటి చిన్న షాపులు బతికేదెలా అంటూ, పెళ్లిబట్టల్లోనే పెట్టె మీద కూర్చుని, ఆ షాపును తానే నమోదు చేసి, నాలుగు వాక్యాల రివ్యూ రాసింది.

"ఎన్నిచ్చావేమిటి?" అనడిగింది బెర్నడీన్.

"అయిదుకి నాలుగు."

"ఆ ఒక్కటీ ఏం పాపం చేసింది?"

"రుచికి వంక పెట్టలేం చిన్నమ్మమ్మా," అంది కేలిన్, వేళ్లకంటిన క్రీమ్ నాకుతూ. "కానీ చేత్తో చేసినట్టు లేదు."

ఆ రివ్యూ ఇప్పటికీ అక్కడే ఉంది. తమకెంతో ఉపయోగపడిందని ఇంతవరకు రెండువందల పద్నాలుగు మంది నొక్కారు. అందులో ఒక్కరు కూడా ఆ కుకీ తిన్నవాళ్లు కారు. మీరు నొక్కారో లేదో ఒకసారి చూసుకోండి.