రాగిణి డాక్టరు గారి నోటి మాట

అమెరికాలో తెలుగువారికి పట్టిన అరిష్టానికి మూలకారణాన్ని శాస్త్రీయంగా కనిపెట్టి, దాని సభ్యత్వం రద్దు చేసేదాకా విశ్రమించబోమని రారిటన్ తెలుగు మహాసమాఖ్య అధ్యక్షులు శ్రీ వేణుమాధవ్ గారు ప్రకటించారు. ఎడిసన్ ఊళ్ళో ఒక రెస్టారెంటు పైనున్న హాల్లో, మైసూర్ బజ్జీలు వచ్చేలోపు ఈ ప్రకటన వెలువడింది. హాలంతా చప్పట్లు మోగాయి. అంతలో బజ్జీలు కూడా వచ్చాయి.

నేను రిటైర్డ్ తహసీల్దారుని. మా అమ్మాయి మృదుల దగ్గర కొన్నాళ్ళు ఉండిపోదామని వచ్చాను. ఇక్కడ నాకు వేరే పని లేదు కనుక మహాసమాఖ్య సభలన్నిటికీ వెళ్తాను. ఉద్యోగంలో ఉండగా చాలామంది నాయకులకి కుర్చీలు వేయించాను గానీ, వేణుమాధవ్ గారిలాంటి దక్షుణ్ణి మా జిల్లాలో చూడలేదు. పగలు ఒక కంపెనీలో ప్రోగ్రాం మేనేజరు, సాయంత్రం జాతి సేవకుడు.

అరిష్టం అంటే మాటలు కాదు. లేఆఫ్‌లు. వీసా లాటరీలో ఎవరి పిల్లల పేర్లూ రాకపోవడం. సంగీత విభావరికి రావలసిన గాయకుడికి వీసా దొరక్కపోవడం. వేణుమాధవ్ గారి బేస్‌మెంట్‌లోకి నీళ్ళు రావడం. వీటిలో చివరిది అత్యవసరమైనదిగా సభ గుర్తించింది.

ఆ సభలోనే 'యువతకు స్ఫూర్తి' అనే కార్యక్రమంలో ఇషా మాట్లాడింది. పక్క ఊరు పిస్కాటవేలోని యూనివర్సిటీలో చరిత్ర మీద పరిశోధన చేస్తున్న పిల్ల. యూరప్‌లో మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట మంత్రగత్తెలంటూ మనుషుల్ని వేటాడి చంపారే, అది ఆమె విషయం.

"వేట అన్ని చోట్లా సేమ్ లేదు అంకుల్. పెద్ద రాజు, పెద్ద కోర్టు ఉన్న చోట తక్కువ. చిన్న చిన్న సంస్థానాలు, ఎవరికి వాళ్ళే జడ్జి, బార్డర్ ప్లేసెస్ ఉన్నాయి కదా, అక్కడ చాలా ఎక్కువ."

నాకు గర్వంగా అనిపించింది. ఎడిసన్ తెలుగువారికి ఒక సంఘం ఉంది, పిస్కాటవే తెలుగువారికి ఒకటి ఉంది, ఆ రెండింటితోనూ పడనివాళ్ళకి మా మహాసమాఖ్య ఉంది. ఒకరి తీర్పు మీద ఇంకొకరికి అప్పీలు లేదు. భౌగోళికంగా మనకి అన్ని అర్హతలూ ఉన్నాయన్నమాట.

"దొరికినవాళ్ళు ఎవరమ్మా?" అన్నారు వేణుమాధవ్ గారు.

"మోస్ట్‌లీ ఆడవాళ్ళు. వయసు అయినవాళ్ళు. హజ్బెండ్ లేకుండా ఒక్కళ్ళే ఉండేవాళ్ళు. మొహం మీద మాట్లాడేవాళ్ళు. పంటలు పోయినా, జబ్బులు వచ్చినా, ఊరంతా వాళ్ళని బ్లేమ్ చేసేది."

వేణుమాధవ్ గారు తెర మీది స్లైడుకి ఫోటో తీసుకున్నారు. "ఇన్ని వందల ఏళ్ళ డేటా. ప్రూవెన్ మెథడాలజీ. మనం మళ్ళీ మొదటి నుంచీ కష్టపడక్కర్లేదు."

"అంకుల్, అలా చేయకూడదని వార్నింగ్ ఇది."

"అవునమ్మా, ఎర్లీ వార్నింగ్. మనకి లేనిది అదే."

మర్నాటికల్లా టాస్క్‌ఫోర్స్ ఏర్పడింది. సభ్యుల జాబితా కంప్యూటర్లో పెట్టి జల్లెడ పట్టారు. మగవాళ్ళని తీసేశారు. మొగుడున్నవాళ్ళని తీసేశారు. నాలాగా చుట్టపుచూపుగా వచ్చిన పెద్దవాళ్ళని, ఎలాగూ పోయేవాళ్ళని తీసేశారు. చివరికి ఒక్క పేరు మిగిలింది. డాక్టర్ రాగిణి గారు. ఆవిడ ఇల్లు ఎడిసన్‌లో ఉంది, పెరడు పిస్కాటవేలో ఉంది. స్లైడుకీ మనిషికీ ఇంత చక్కగా కుదరడం నా సర్వీసులో చూడలేదు.

రాగిణి గారు ఎప్పుడో వచ్చి ఇక్కడే ప్రాక్టీసు చేసి రిటైరయ్యారు. భర్త పోయారు. ప్రతి ఆదివారం హాల్లో ఒక మడత టేబులు వేసుకుని, నాలాంటి ముసలివాళ్ళకి ఊరికే బీపీ చూస్తారు. నా విజిటర్ ఇన్సూరెన్స్‌లో అన్ని జబ్బులూ ఉన్నాయి, నాకున్నవి తప్ప. ఆ టేబులే నాకు దిక్కు. ఆవిడలో ఒకటే లోపం, ఉన్న మాట ఉన్నట్టు అనేస్తారు.

విచారణ రోజున ఆవిడ ముందు వరసలో కూర్చున్నారు. సభ్యత్వం రద్దు, టేబులు తొలగింపు అని తీర్మానం ముందే టైపు చేసి ఉంది. తీర్పు తెలిస్తే విచారణ సజావుగా సాగుతుందని వేణుమాధవ్ గారి నమ్మకం.

మొదటి సాక్షి, కార్యదర్శి కృష్ణమోహన్. "మోకాలు పోతుంది, బాడ్మింటన్ మానెయ్ అన్నారండీ. పోయింది."

"మానేశావా?" అన్నారు రాగిణి గారు.

"ఎందుకు మానేస్తానండీ?"

రెండో సాక్షి, వేణుమాధవ్ గారి భార్య రాధారాణి. "బొబ్బట్టు నోటి దాకా వచ్చాక షుగరొస్తుందమ్మా అన్నారు. వచ్చింది. అప్పటిదాకా నాకు ఏమీ లేదు, కావాలంటే టెస్టులు కూడా చేయించుకోలేదు."

తర్వాత వేణుమాధవ్ గారే లేచారు. "మా బేస్‌మెంట్‌లో నీళ్ళు తోడే పంపు పాడైందనీ, మార్చకపోతే మునుగుతుందనీ అన్నారు. నేను మార్చలేదు. వాన పడింది."

వానని కూడా పిలవగలదన్నమాట అని వెనక ఎవరో అన్నారు.

నాకు నిజంగా భయమేసింది. ఆవిడ మీద జాలి సగం, నా బీపీ మీద బెంగ సగం. లేచి నాలుగు మాటలు చెబుదామనుకున్నాను. నన్ను ఇంటి దగ్గర దింపేది కృష్ణమోహనే కనుక కూర్చున్నాను.

రాగిణి గారు వెనక్కి తిరిగారు. "ఇషా, మన మసాచుసెట్స్‌లో, ఆ సేలంలో, మంత్రగత్తెలంటూ ఇలాగే విచారించారు కదమ్మా. ఎవర్ని ఉరితీశారు?"

"నేను కాదు అన్నవాళ్ళని ఆంటీ."

"ఒప్పుకున్నవాళ్ళని?"

"దాదాపు అందర్నీ వదిలేశారు."

"అయితే ఒప్పుకుంటున్నాను. మోకాలు, షుగరు, వాన, అన్నీ నేనే. లాటరీ కూడా రాసుకోండి."

వేణుమాధవ్ గారు ఇబ్బందిలో పడ్డారు. ఆవిడ కాదంటే చూపించడానికి ప్రెజెంటేషన్ తయారు చేసుకొచ్చారు గానీ, ఔనంటే చూపించడానికి ఏమీ తేలేదు. "నెక్స్ట్ స్టెప్ ఏమిటమ్మా?" అని ఇషానే అడిగారు.

"నీతో ఇంకా ఎవరున్నారు అని అడుగుతారు అంకుల్. ఆవిడ ఎవరి పేరు చెబితే వాళ్ళని కూడా పట్టుకుంటారు."

రాగిణి గారు కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, ముందు వరస నుంచి ఒక్కొక్కరి మొహమే చూడటం మొదలుపెట్టారు. అందరూ ఫోన్లలోకి తలలు దించారు. చూపు రాధారాణి దగ్గరికి వచ్చేసరికి, "కాఫీ తాగారా ఆంటీ?" అందావిడ, ఎన్నడూ లేనంత ఆప్యాయంగా.

అధ్యక్షులవారు తీర్మానాన్ని అక్కడికక్కడే ఉపసంహరించుకుని, అగ్రరాజ్యంలో మూఢనమ్మకాలకు తావులేదని ప్రసంగించారు. చదువుకున్నవాళ్ళం, సైన్సు తెలిసినవాళ్ళం అన్నారు. మళ్ళీ చప్పట్లు మోగాయి. గట్టిగా కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, టేబులు దక్కింది కదా.

తర్వాతి ఆదివారం టేబులు దగ్గర క్యూ గుమ్మం దాటింది. బీపీ వయసు రానివాళ్ళు కూడా నిలబడ్డారు. నా వంతు వచ్చేసరికి వేణుమాధవ్ గారు పక్క నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ప్రజానాయకులు కదా, నేను దారి ఇచ్చాను. దగ్గరలోనే ఉన్నాను కనుక అంతా వినిపించింది.

"డాక్టరుగారూ, పిస్కాటవే సంఘంవాళ్ళు ఉగాదికి మనకంటే పెద్ద హాలు బుక్ చేశారు."

"చెయ్యి ఇలా పెట్టు బాబూ." ఆవిడ పట్టీ చుట్టారు.

"మీరు ఒక్కసారి వాళ్ళ మీటింగుకి వెళ్ళి, ఏదో ఒక మాట అనేసి వస్తే చాలు. రైడ్ నేనిస్తాను."

ఆవిడ మిషను చూశారు. పట్టీ విప్పి, మళ్ళీ చుట్టి, ఇంకోసారి చూశారు. ఆవిడ మొహం మారిపోయింది.

"వేణుమాధవ్, నీ బీపీ చాలా ఎక్కువగా ఉంది. ఇప్పుడే హాస్పిటల్‌కి వెళ్ళు. అశ్రద్ధ చేస్తే గుండెకొస్తుంది, నా మాట విను."

వేణుమాధవ్ గారు లేచి నిలబడి, రెండు చేతులూ జోడించారు.

"ఇదే మాటండీ. సరిగ్గా ఇదే మాట వాళ్ళ ప్రెసిడెంటుతో అనండి."